పెద్దవాళ్లతో ఇటలీ తీరానికా? ముందు కమోలి చూడండి

సెప్టెంబరులో అత్తమామలతో ఇటలీ వెళ్తున్నామని, చింక్వె తెర్రె (కొండ అంచున సముద్రం పక్కనే ఉండే ఐదు ఊళ్లు) కాకుండా తీరాన చిన్న ఊళ్లు ఇంకేమున్నాయని, శాకాహారం దొరుకుతుందా అని ఒకరు అడిగారు. మేం మిలాన్‌లో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా వాయవ్య ఇటలీలోని లిగూరియా తీరానికే తీసుకెళ్తాం కాబట్టి కాస్త ధైర్యంగానే చెప్తున్నా: బస కమోలిలో పెట్టుకోండి, చింక్వె తెర్రెకి ఒక్క రోజు రైల్లో వెళ్లి రండి.

కమోలి జెనోవా నగరం నుంచి రీజినల్ రైల్లో ముప్పావు గంట లోపే. ఒకప్పుడు ఓడల వాళ్ల ఊరు. సముద్రానికి ఎదురుగా ఆరేడు అంతస్తుల ఇళ్లు పసుపు, గులాబీ, ఇటుక రంగుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ గోడల మీద సగం అలంకారం బొమ్మే. మా అత్తగారు ఒక కిటికీ చూపించి, "పాపం వీళ్లు ఎప్పుడు చూసినా తలుపులేసుకునే ఉంటారే" అన్నారు. దగ్గరికెళ్లి చూస్తే రెక్కలు, చట్రం, కింద పడే నీడతో సహా అంతా రంగుతో గీసిందే! ఆ తర్వాత ఊరంతా ఏ కిటికీ నిజం, ఏది బొమ్మ అని వెతకడమే పని అయింది ఆవిడకి.

అక్కడి రేవు నుంచి సాన్ ఫ్రుత్తువోసోకి బోటు ఉంటుంది, అరగంట ప్రయాణం. రోడ్డు లేదు, బోటులో వెళ్లాలి లేదా కొండ దాటి నడవాలి. చిన్న గులకరాళ్ల తీరం, దాన్ని ఆనుకునే పాత మఠం. ఆ నీళ్లలో సుమారు 17 మీటర్ల లోతున 1954లో దింపిన కంచు క్రీస్తు విగ్రహం ఉంది, డైవింగ్ చేసేవాళ్లు చూసొస్తారు. అక్కడి నుంచి ఖరీదైన రేవు ఊరు పోర్తోఫీనోకి కూడా బోటు ఉంటుంది. పోర్తోఫీనోలో ఫొటో దిగి వచ్చేయండి, భోజనానికి మాత్రం కూర్చోవద్దు, బిల్లు చూసి మామగారికి బీపీ పెరుగుతుంది.

చింక్వె తెర్రె బాగోదని కాదు. 1997లోనే యునెస్కో జాబితాలోకి ఎక్కింది, కొండ అంచుల మీద రాళ్లు పేర్చి కట్టిన ద్రాక్షతోటల మెట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఐదూళ్లలో ఎక్కడికెళ్లినా ఎక్కడం దిగడమే, పైగా జనం. కోర్నిల్యా స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు (షటిల్ బస్సు ఉంది లెండి). మోకాళ్ల నొప్పులుంటే మాంటెరోస్సో, వెర్నాజ్జా చూస్తే చాలు. రీజినల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్‌లో మెషీన్‌లో స్టాంపు వేసుకోండి, లేకపోతే ఫైన్ కట్టాలి.

తిండి గురించి అస్సలు టెన్షన్ వద్దు, ఇటలీలో మన శాకాహారులకి ఇంత తేలికైన ప్రాంతం తక్కువే. ఫరినాతా అని శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, మన శనగపిండి అట్టులా ఉంటుంది. పైన మిరియాల పొడి చల్లుకుని వేడిగా ఉన్నప్పుడే తినాలి. కొన్ని చోట్ల చిన్న చేపలు వేసింది కూడా ఉంటుంది, అడిగి తీసుకోండి. పక్క ఊరు రెక్కోలో కాగితమంత పల్చటి రెండు పొరల మధ్య చీజ్ పెట్టి కాల్చే ఫొకాచ్చా అనే రొట్టె ఇంకా బాగుంటుంది. బంగాళాదుంప, బీన్స్ వేసిన పెస్తో (బేసిల్ ఆకులతో నూరే పచ్చడి) పాస్తా ఎలాగూ ఉంది. మీవాళ్లు మరీ నిష్ఠగా ఉండేవాళ్లైతే ఒక్కటి గుర్తుంచుకోండి, పెస్తోలో వేసే పర్మిజానో చీజ్ తయారీకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు.

గాలి ఎక్కువగా ఉన్న రోజు బోట్లు ఆపేస్తారు. అలాంటప్పుడు రైలెక్కి సెస్త్రి లెవాంతే వెళ్లండి. ఊరికి రెండు పక్కలా సముద్రమే. చిన్నగా ఉండే వైపు ఇసుక తీరం, దాని వెనకే రంగుల ఇళ్లు. నేల చదునుగా ఉంటుంది కాబట్టి మామగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హాయిగా తిరగొచ్చు.