ఐస్‌లాండ్‌లో బస్సులతో పనైపోతుందా, కారు తీసుకోవాలా?

రాజధాని రేక్యవిక్‌లోనే ఉండేట్టయితే కారు దండగ. ఊరంతా పసుపురంగు సిటీ బస్సులు తిరుగుతాయి, కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు నుంచీ బస్సులున్నాయి. రాజధానికి దగ్గర్లోని పేరున్న చోట్లను కలిపే ‘గోల్డెన్ సర్కిల్’ చుట్టుదారిని టూర్ బస్సులో ఒక్క రోజులో చూసి రావచ్చు. ఊరు దాటితేనే చిక్కు. దేశంలో రైలన్నదే లేదు. దూరప్రాంతాల బస్సులు తక్కువ, చలికాలంలో మరీ తక్కువ. పైగా నచ్చిన జలపాతం దగ్గరల్లా బస్సు ఆగదు కదా!

అందుకే దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డుకు (సుమారు 1,300 కి.మీ.) నా ఓటు కారుకే. బండి కుడివైపు నడపాలి, పట్టపగలైనా హెడ్‌లైట్లు వెలుగుతుండాలి. ఊళ్ల బయట తారురోడ్డు మీద గంటకు 90, కంకరరోడ్డు మీద 80 కి.మీ. దాటకూడదు. తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట కొత్తవాళ్ల కార్లు జారుతుంటాయి, ముందే వేగం తగ్గించండి. ఒక్క బండే పట్టే వంతెనల దగ్గర ముందు చేరినవాళ్లదే దారి. ‘ఎఫ్’తో మొదలయ్యే కొండదారులు వేసవిలోనే తెరుస్తారు, వాటికి ఫోర్‌వీల్ డ్రైవ్ తప్పనిసరి. అక్కడ వాగులో ఇంజిన్ మునిగితే అద్దె కారు ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. గాలితోనూ జాగ్రత్త: డోరు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి, వదిలితే బందులు వంగిపోతాయి.