ఎర్రచందనం కాయలు ఎందుకు మొలవడం లేదు?

బడి నర్సరీలో 500 కాయలు వేస్తే 40 కూడా మొలవలేదని, విత్తనం పాతదేమోనని అడిగారు. కావచ్చు. ఏడాది దాటిన కాయలో మొలక శక్తి బాగా పడిపోతుంది. కానీ అంతకంటే ముందు కాయలో అసలు గింజ ఉందా అని చూడాలి. ఎర్రచందనంలో పైకి నిండుగా కనిపించే కాయల్లోనూ తాలు చాలా ఉంటుంది.

విత్తే ముందు కుప్పలోంచి ఏరకుండా 50 కాయలు తీసి, నడిమి ఉబ్బు దగ్గర కత్తెరతో కోయండి. నిండైన గట్టి గింజనే లెక్కలోకి తీసుకోండి. ముడుచుకున్నదీ పురుగు తొలిచిందీ తాలే. 50లో 20 మంచివి తేలితే, 100 మొక్కలకు 250 కాయలు చాలవు, 400 దాకా వేయాలి. మంచి గింజల్లోనూ కొన్ని మొలవవు, మొలిచినవాటిలో కొన్ని చస్తాయి.

వేసవిలో పూసిన చెట్టు కాయ మరుసటి ఏడు ఫిబ్రవరి, మార్చి నాటికి గానీ ముదరదు. పచ్చిదనం పోయి గోధుమరంగుకు తిరిగాకే కోయండి. ఒకే చెట్టు కింద బస్తా నింపుకోవద్దు, దూరదూరంగా ఉన్న 20 చెట్ల నుంచి కొద్దికొద్దిగా తీసుకోండి. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. నర్సరీలన్నీ నాలుగైదు తల్లిచెట్ల పిల్లలతో నిండితే ఈ జాతికి మేలు కన్నా కీడే ఎక్కువ. రిజర్వు అడవిలో ఏరాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

చుట్టూ ఉన్న రెక్క కత్తిరించి, కాయల్ని పలచటి పేడనీళ్ళలో మూడు రోజులు నానబెట్టండి. ఇక్కడ అడ్డుపడేది గట్టి కాయ తొక్క, అది మెత్తబడాలి. తుమ్మ గింజలకు చేసినట్టు మరిగే నీళ్ళు పోయకండి, గింజ ఉడికిపోతుంది. ఎత్తుగా కట్టిన ఇసుక మడిలో కాయను పడుకోబెట్టి, ఒకటిన్నర సెంటీమీటరు మించకుండా ఇసుక కప్పి, పైన వరిగడ్డి పరవండి. సన్న చిల్లుల పూలక్యాన్‌తో రోజూ తడపండి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. నిలిస్తే మొలకలు మొదట్లోనే కుళ్ళి వాలిపోతాయి. రెండో వారంలో మొదలైన మొలక 40 రోజుల దాకా సాగుతుంది. చాలామంది ఇరవయ్యో రోజున మడి తవ్వేస్తారు, నష్టం అక్కడే జరుగుతుంది.

రెండాకులు రాగానే, వేరు తెగకుండా పుల్లతో లేపి సంచిలోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒకటి, చివికిన పశువుల ఎరువు ఒకటి కలపండి. తల్లివేరు వేగంగా దిగుతుంది కాబట్టి పొట్టి సంచి పనికిరాదు. అందులో చుట్టుకున్న వేరు నాటాక కూడా విప్పుకోదు. నెలకోసారి సంచుల్ని జరపకపోతే వేరు నేలలోకి దిగి, ఎత్తేటప్పుడు తెగుతుంది.

నాటడానికి నీరు ఇంకే రాతి ఎర్రనేల ఎంచుకోండి, నల్లరేగడి వద్దు. నాటిన మొక్క పైభాగం వేసవిలో ఎండితే చచ్చిందని పీకకండి. మొదలు దగ్గర గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే వేరు బతికే ఉంది, వానలు పడ్డాక కొత్త చిగురు వేస్తుంది.