ఐవీ ఆకు సారం: సీరమ్‌లో ఒకటి, దగ్గు సిరప్‌లో ఒకటి

ప్రశ్న: మేడమ్, నేను కొత్తగా కొన్న ఫేస్ సీరమ్ మీద ‘హెడెరా హెలిక్స్ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంది. వెతికితే ఐవీ అని తేలింది. ఐవీ తగిలితే ఒళ్లంతా బొబ్బలు వస్తాయని ఎక్కడో చదివాను, అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. పారేయాలా? మా చెల్లేమో ఆ ఆకే తెచ్చి నూరి రాసుకుంటే పోయేదానికి సీరమ్ ఎందుకు అంటోంది.

జవాబు: పారేయకండి. మీరు చదివింది పాయిజన్ ఐవీ గురించి అయ్యుంటుంది. అది జీడిమామిడి కుటుంబానికి చెందిన మొక్క, ఉరుషియోల్ అనే జిడ్డు పదార్థం వల్ల దాని ఆకు తగిలితే బొబ్బలు వస్తాయి. మీ సీరమ్‌లో ఉన్నది గోడల మీద పాకే హెడెరా, జిన్‌సెంగ్ కుటుంబానిది. ఐవీ అనే పేరు చాలా తీగలకు తగిలించేశారు, మన దొండ తీగ కూడా ఇంగ్లిష్‌లో ఐవీ గోర్డే, మనీప్లాంట్‌ని డెవిల్స్ ఐవీ అంటారు. అందుకే సీసా మీద లాటిన్ పేరు చూసుకోవడం మంచి అలవాటు.

చెల్లెలి మాట మాత్రం దయచేసి వినకండి. హెడెరా పచ్చి ఆకులో, దాని రసంలో ఫాల్కారినాల్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుంది. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి ఏమీ కాదు, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక మాత్రం తర్వాత తగిలిన ప్రతిసారీ బాధే. నేనూ గ్లవ్స్ లేకుండా ఈ తీగ కత్తిరించేదాన్ని, ఏమీ అయ్యేది కాదు. ఓసారి మాత్రం కత్తిరించిన మర్నాటికి మణికట్టు దగ్గర ఎర్రటి చారలు వచ్చాయి, ఆ పై రోజుకి చారల వెంబడే చిన్న చిన్న నీటి పొక్కులు, దురదకి రాత్రి నిద్ర లేదు. చేతి మీదే అలా ఉంటే నూరిన ముద్ద ముఖానికి పట్టిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

సీరమ్‌లో వాడేది ఆకు ముద్ద కాదు, నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో గ్లైకాల్‌లోనో తీసిన సారం. అందులో ముఖ్యమైనవి సాపోనిన్లు, కుంకుడుకాయ పులిమితే నురగ వచ్చేది కూడా ఈ జాతి పదార్థాల వల్లే. అయినా ఎలర్జీ అవకాశం పూర్తిగా పోదు, కాబట్టి ముఖానికి రాసే ముందు మోచేతి మడత దగ్గర రోజుకి రెండుసార్లు ఒకే చోట వారం రోజులు రాసి చూడండి. ఒక్క పూట చూసి బాగానే ఉందనుకోవద్దు, ఈ రకం ఎలర్జీ బయటపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ప్రశ్న: తొడల మీద గుంటలు గుంటలుగా కనిపించే సెల్యులైట్ ఐవీ క్రీముతో పోతుందా?

జవాబు: పోదండీ. చర్మం కింద కొవ్వు పైకి ఉబ్బుతుంటే మధ్యలో ఉండే పీచులాంటి కణజాలం చర్మాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది, ఆ గుంటలు అవే. పైన రాసిన క్రీము ఆ పీచుని వదులు చేయలేదు. ఇలాంటి క్రీముల్లో ఐవీతో పాటు కెఫీన్ కూడా కలుపుతుంటారు, రోజూ మర్దన చేస్తారు కాబట్టి కాసేపు నునుపుగా కనిపించవచ్చు, అంతవరకే. కొనే ముందు ఒకటి చూడండి: పదార్థాల పట్టీలో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు, 1 శాతం లోపువి చివర్లో ఎలాగైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ని యూరప్ నిబంధనల ప్రకారం 1 శాతానికి మించి వేయకూడదు. ఆ నిబంధన పాటించిన క్రీములో ఐవీ పేరు దాని తర్వాత వచ్చిందంటే ఐవీ కూడా 1 శాతం దాటదు, డబ్బా మీద ఆకు బొమ్మ ఎంత పెద్దదైనా సరే.

ప్రశ్న: మా అక్క కొడుకుకి ఏడాదిన్నర. దగ్గుతో పాటు కఫం గురగురమంటోంది. ఐవీ సిరప్ మూలికల మందే కదా, పట్టొచ్చా?

జవాబు: వద్దు, పట్టకండి. యూరప్ మందుల సంస్థ ఇఎమ్ఎ మూలికల కమిటీ రెండేళ్లలోపు పిల్లలకి ఐవీ ఆకు మందు ఇవ్వకూడదని స్పష్టంగా చెప్పింది, ఆ వయసులో కఫం పల్చబరిచే మందులతో ఊపిరి ఇబ్బంది పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి. అంత చిన్నపిల్లలకి గాలి గొట్టాలు సన్నం, పల్చబడిన కఫాన్ని గట్టిగా దగ్గి బయటికి తెచ్చుకునే బలం వాళ్లకి ఉండదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. జర్మనీలో ఈ ఆకు సారంతో దగ్గు మందులు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆకులోని హెడెరాకోసైడ్ సి ఒంట్లో ఆల్ఫా హెడెరిన్‌గా మారుతుంది, గాలి గొట్టాల కండరాలు వదులయ్యేలా, కఫం పల్చబడేలా చేసేది అదేనని ప్రయోగశాలలో కణాల మీద చూసిన దాన్నిబట్టి చెబుతారు. లాభం ఉన్నా కొద్దిపాటిదే, జలుబు దగ్గు ఎలాగూ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పెద్దవాళ్లయినా వారం దాటి దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకపోవడమే మంచిది. దగ్గుని అణిచేసే కోడీన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ లాంటి వాటితో కలిపి సొంతంగా వాడకండి, ఒకటి కఫాన్ని పైకి తెస్తుంటే ఇంకొకటి దగ్గనివ్వదు.

బాబు విషయంలో సిరప్ గురించి ఆలోచించడం మానేసి ఇవాళే పిల్లల డాక్టర్‌కి చూపించమని అక్కకి చెప్పండి. ఒకవేళ ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పాలు తాగలేక మధ్యలో వదిలేస్తున్నా, పెదాలు నీలంగా కనిపించినా ఓపీ టైమ్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.