పిల్లి ముందు, మనం వెనక

ప్రశ్న: మాది హనుమకొండ బాలసముద్రంలో మూడో అంతస్తు ఫ్లాటు. మా పిల్లి బుజ్జిగాడికి రెండేళ్లు. పొద్దస్తమానం బాల్కనీ గ్రిల్లు దగ్గర కూర్చుని పావురాలను చూస్తూ అరుస్తుంటాడు. పాపమనిపించి, బయట తిప్పుదామని ఆన్‌లైన్‌లో హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), తాడు తెప్పించాను. తొడిగీ తొడగగానే నడుం విరిగినట్టు పక్కకు పడిపోయాడు. ఎంత లాగినా లేవలేదు. భయమేసి విప్పేశాను. "పిల్లికి తాడేంది బిడ్డా, నలుగురు నవ్వుతరు" అంటోంది మా అత్తమ్మ. డాక్టరు గారూ, ఇది అయ్యే పనేనా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అయ్యే పనే అమ్మా. కాకపోతే నేను డాక్టర్ని కాదు. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో పశువుల ఆసుపత్రి అసిస్టెంటుగా 30 ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. నా చేతుల మీదుగా పోయినవన్నీ బర్లు, ఎడ్లు, గొర్లు. పిల్లుల సంగతి నేను నేర్చుకున్నది మా అమ్మాయి అత్తారింటికి వెళ్తూ నాకు అప్పజెప్పిన మల్లి దగ్గర.

బర్రెకు పలుపు వేసి రెండు గుంజులు గుంజితే విసుక్కుంటూనైనా వెంట వస్తుంది. అదే లెక్కన మల్లికి కుక్కపిల్లల మెడ బెల్టు కట్టి గేటు దాటించాను. వీధి చివర ఎవరో బుల్లెట్ బండి స్టార్ట్ చేశారు. మల్లి నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, తల దించి, వెనక్కి ఒక్క గుంజు గుంజింది. నా చేతిలో తాడుంది, తాడుకు బెల్టుంది, బెల్టులో పిల్లి లేదు. ఎదురింటి మునగ చెట్టెక్కి కూర్చుంది. మునగ కొమ్మ ఎంత గట్టిదో మీకు తెలుసు కదా! రాత్రి తొమ్మిదింటి దాకా నేనూ ఎదురింటాయనా చెట్టు కింద దుప్పటి పట్టుకుని నిలబడ్డాం.

పిల్లికి మెడ ఎముక మనకున్నట్టు భుజానికి బిగిసి ఉండదు, చిన్న పుల్లలా కండలో ఉంటుందంతే. తల దూరిన సందులో ఒళ్లంతా దూరిపోతుంది. కాబట్టి మీరు హార్నెస్ కొనడం మంచి పనే. అయితే స్మాల్, మీడియం అన్న రాతలు నమ్మకండి. ముందు కాళ్లకు వెనగ్గా ఛాతీ చుట్టూ టైలర్ టేపుతో కొలవండి. తొడిగాక పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులుగా ఉండకూడదు. గుమ్మం దాటకముందే ఇంట్లో ముందువైపు నుంచి తాడు మెల్లగా పట్టి చూడండి, వెనక్కి జారి బయటపడుతున్నాడేమో తెలుస్తుంది.

బుజ్జిగాడు పడిపోయింది నడుం పోయి కాదు. ఒంటికి ఏదో చుట్టుకుని వదలకపోతే చాలా పిల్లులు అలాగే బిగుసుకుపోతాయి, లేదా పక్కకు ఒరిగిపోతాయి. మీ పొరపాటల్లా లాగడమే. మళ్లీ మొదటి నుంచి రండి. నాలుగు రోజులు ఆ హార్నెస్‌ను బుజ్జిగాడి గిన్నె పక్కన ఊరికే పడేయండి. వాసన చూడనివ్వండి. తర్వాత బకిల్ పెట్టకుండా వీపు మీద వేసి, ఉప్పూ ఉల్లిపాయా తగలని ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టండి. చాలా పిల్లులకు పట్టీ కన్నా ఆ బకిల్ 'టక్' మనే చప్పుడే టెన్షన్. మల్లికైతే వంటింట్లో నిలబడి దూరం నుంచి టక్, ముక్క, టక్, ముక్క. వారం తిరిగేసరికి ఆ చప్పుడు వింటే తనే పరిగెత్తుకుంటూ వచ్చేది. తొడగడం మొదలుపెట్టాక భోజనానికి ముందు రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత మీ కళ్ల ముందు హాల్లో తాడు ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. మల్లికి మొత్తం 3 వారాలు పట్టింది. అందులో సగం రోజులు మంచం కింద బోర్లా పడుకుని నన్ను గుడ్లురిమి చూడటమే.

బయటకు మాత్రం వాణ్ణి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. గుమ్మం తన కాళ్లతో దాటడం అలవాటైతే రేపు తలుపు తీయగానే దూకుతాడు. డాబా వద్దు, కోతులున్నాయి. సెల్లార్‌లో బండ్లు, కుక్కలు. భద్రకాళి చెరువు బండ్ అని సరదా పడకండి, ఆ జనంలో మనకే ఊపిరాడదు. అపార్ట్‌మెంటు వెనక నాలుగు మొక్కలున్న మూల చాలు. పొద్దున పాట పెట్టుకుని వచ్చే చెత్త బండి వెళ్లిపోయాక దిగండి. ఎండాకాలమైతే ముందు మీ చెయ్యి నేలకు ఆనించి చూడండి, మీకు కాలితే వాడికీ కాలుతుంది.

మొదటి రోజు పది నిమిషాలు కూర్చుని గడ్డి వాసన చూసి వచ్చేస్తాడు. అదే వాకింగ్. వాడు ఎటు వెళ్తే అటు మీరు వెళ్లాలి, వెళ్లకూడని చోట ఆగి నిలబడాలి తప్ప ఈడవకూడదు. చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకు ఆనించాడంటే ఆ రోజుకు చాలు. చేతుల్లోకి తీసుకుంటే రక్కుతాడు, బ్యాగు మూతి తెరిచి ముందు పెట్టండి. తాడు కట్టేసి పక్కింటికి వెళ్లడం లాంటివి వద్దు.

ఇంకొకటి. అరిచినప్పుడల్లా తీసుకెళ్లారంటే మీకు ట్రైనింగ్ ఇచ్చింది వాడని అర్థం. రోజూ ఒకే టైం పెట్టుకోండి. దిగకముందే రేబిస్ టీకా, పిల్లులకిచ్చే మూడు జబ్బుల టీకా వేయించండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే అదీ చేయించండి, లేదంటే ఆడపిల్లి వాసనకు తాడు తెంపుకుంటాడు.

అత్తమ్మ గారికి చెప్పండి, నవ్వేవాళ్లు నవ్వనీ. మా వీధిలో ఒకాయన పిల్లి ఎదురైతే వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాడు. ఇప్పుడు మల్లి టైం కనుక్కుని పావుగంట ముందే వెళ్లిపోతున్నాడు.

ప్రశ్న: బయట తిప్పాక మా పిల్లికి పిడుదులు పట్టాయి. మా కుక్కకు వేసే చుక్కల మందు సగం వేయొచ్చా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు బాబూ, సగం కాదు, చుక్క కూడా వద్దు. కుక్కల మందులు కొన్నింట్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లికి అది విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడిగి, మందు డబ్బా వెంట పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. కుక్కకు అలాంటి మందు వేశాక మూడు రోజుల దాకా రెండింటినీ ఒకే చోట పడుకోనివ్వకండి.