మందుకు అలవాటు పడింది గేదె కాదు

ప్రశ్న: మా గేదె ఈని రెండు నెలలైంది. ఇరవై రోజుల కిందట పొదుగువాపు వచ్చి ఒక చన్ను వైపు గట్టిపడింది, పాలు విరిగినట్టు ముక్కలుగా వచ్చాయి. మందుల షాపులో అడిగి పెన్సిలిన్ తెచ్చి రెండు రోజులు సూదులు వేయించాం. వాపు తీసి పాలు బాగానే రావడంతో ఆపేశాం. ఇప్పుడు అటువైపే మళ్లీ వాచింది. అదే మందు మూడు రోజులు వేసినా గుణం లేదు. గేదె ఆ మందుకు అలవాటు పడిపోయిందంటున్నారు. ఇంకా పవర్ ఉన్నది వేయమంటారా?

జవాబు: మందుకు అలవాటు పడేది గేదె కాదండీ, పొదుగులో చేరిన బ్యాక్టీరియా. అదైనా ప్రతిసారీ అలవాటు పడే బతకదు, దాక్కుని కూడా బతుకుతుంది. మీ గేదె విషయంలో ఏది జరిగిందో పాలు పరీక్ష చేయిస్తేనే తేలుతుంది.

పెన్సిలిన్ ఎలా చంపుతుందో ముందు చూద్దాం. బ్యాక్టీరియా ఒంటి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. లోపలి ఒత్తిడికి అది పగిలిపోకుండా ఆపేది ఆ గోడే. పెరిగి రెండుగా చీలేటప్పుడల్లా గోడను కొత్తగా అల్లుకోవాలి. పెన్సిలిన్ ఆ అల్లిక పని చేసే ఎంజైముకు అతుక్కుని పని ఆపేస్తుంది. గోడ బలహీనమై, నీరు లోపలికి చేరి, బ్యాక్టీరియా పగిలి చస్తుంది. గేదె కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి వాటి జోలికి పోదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అల్లిక జరుగుతున్నప్పుడే ఈ మందు దెబ్బ తీస్తుంది. పెరగకుండా ముడుచుకుని ఉన్న బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు. పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు పొదుగు కణాల లోపల, చిన్న చిన్న చీముగడ్డల్లో దాక్కునే గుణం ఉంది. రెండు రోజుల సూదులతో పైపైనున్నవి చచ్చి వాపు తీసి ఉంటుంది, లోపలివి మిగిలి ఉంటాయి. వాపు తగ్గిందంటే బ్యాక్టీరియా పోయిందని కాదు.

వీటిలో కొన్ని రకాలు పెన్సిలిన్‌నే ముక్కలు చేసే ఎంజైము తయారు చేసుకుంటాయి. మందు పడ్డప్పుడు మిగతావి చచ్చి, ఇవి మిగిలి, వీటి సంతతే పెరుగుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదు వాడితే సూక్ష్మజీవులు మందును తట్టుకుంటాయని హెచ్చరించాడు.

ఇక పవర్ సంగతి. యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ పవర్, తక్కువ పవర్ అని కాదు, ఒక్కోదాని గురి ఒక్కో చోట. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా ప్రొటీన్ల తయారీని ఆపుతుంది, సల్ఫా మందులు ఫోలిక్ ఆమ్లం తయారు కానివ్వవు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకు గోడే ఉండదు కాబట్టి పెన్సిలిన్ ఎంత పోసినా దండగే. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాకు గోడ పైన ఇంకో పొర అడ్డుంటుంది, మామూలు పెన్సిలిన్ దాన్ని దాటలేదు. రెండు మందులు కలిపేస్తే త్వరగా తగ్గుతుందనుకోవడమూ పొరపాటే: టెట్రాసైక్లిన్ పెరుగుదలను ఆపేస్తే, పెరిగేవాటినే చంపే పెన్సిలిన్‌కు పని చిక్కదు.

అందుకని షాపుకు కాకుండా పశువైద్యుని దగ్గరికి వెళ్లండి. కొత్త మందు పడకముందే పరీక్షకు పాలు తీయాలి. ఇప్పటికే మూడు రోజులు సూదులు పడ్డాయని, ఆఖరిది ఎప్పుడు వేశారో డాక్టరుకు చెప్పండి. మందు ప్రభావం ఉండగా తీస్తే బ్యాక్టీరియా పెరగక ఫలితం తప్పుగా రావచ్చు, ఎప్పుడు తీయాలో ఆయనే చెబుతారు. చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టి ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. అక్కడ బ్యాక్టీరియాను పెంచి, మందు బిళ్లలు పెట్టి, దేని చుట్టూ అది పెరగలేదో చూస్తారు. ఇందుకు రెండు మూడు రోజులు పడుతుంది. గేదెకు జ్వరం ఉన్నా మేత మానేసినా అంతవరకు ఆగకుండా డాక్టరు వెంటనే వైద్యం మొదలుపెడతారు. ఏ మందు రాసినా రాసినన్ని రోజులూ వేయించండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు నోట్లో వేయకండి, మేతను అరిగించే కడుపులోని సూక్ష్మజీవులు చచ్చి మేత మానేస్తుంది.

ఈలోగా వాచిన వైపు పాలు రోజుకు నాలుగైదుసార్లు పూర్తిగా పిండి పారబోయండి. ఈ గేదెను చివర్లో పితికి, చేతులు కడుక్కోండి. మందు పడుతున్నన్నాళ్లూ, ఆపాక సీసా మీద రాసిన గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ వాడకూడదు, దూడకూ పట్టకూడదు. కాచినంత మాత్రాన మందు పోదు. అలాంటి పాలు సరిగా తోడుకోకపోవడానికి కారణం కూడా అదే, తోడులోని మంచి బ్యాక్టీరియాను సైతం మందు అడ్డుకుంటుంది.