కంటికి ఆనని దుమ్ము

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కరీంనగర్‌లో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. క్రేను గురించి, రంపం బ్లేడు గురించి అక్కడ అందరూ నిన్ను హెచ్చరిస్తారు. దుమ్ము గురించి ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అంటే సిలికా. బట్టల మీద తెల్లగా పేరుకునే దుమ్ముకన్నా కంటికి ఆననిదే ఎక్కువ చేటు. 10 మైక్రాన్లకన్నా, అంటే మిల్లీమీటరులో నూరో వంతుకన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగి, అక్కడ మచ్చలు కట్టిస్తాయి. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. చాలామందికి పదేళ్లు దాటాకగానీ బయటపడదు. దానికి తోడు క్షయ కూడా సులువుగా పట్టుకుంటుంది. టీబీ మందులు మింగుతూ అదే దుమ్ములో పనిచేసేవాళ్లను చూశాను, కడుపు తరుక్కుపోతుంది.

ఒక పరీక్ష చేయి. పొద్దు వాలాక, అంచులు అరగదీసే గ్రైండర్ వెనక పెద్ద టార్చి పెట్టించి, ఎదురుగా నిలబడు. వెలుగు నేరుగా కళ్లలో పడకుండా అట్టముక్క అడ్డం ఉంచు. పనివాడి ముక్కు చుట్టూ పొగలా తిరిగే దుమ్ము కనిపిస్తుంది. మీ యజమానికి కూడా చూపించు.

పెద్ద రంపాలకు ఎలాగూ నీళ్లు పెడతారు. అసలు బెడద చేతి గ్రైండర్‌తోనే, దాన్ని పొడిగా నడుపుతారు. అక్కడా నీటిధార ఉండాలి. అయితే మామూలు కరెంటు గ్రైండర్ మీద నీళ్లు పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. గాలితో నడిచే గ్రైండర్ తెప్పించమని పట్టుబట్టు. నేల మీది బురదను తడిగా ఉండగానే కడిగించు, ఎండితే మళ్లీ దుమ్మే. పొడి చీపురు వద్దు.

ఇవన్నీ చేశాకే, చివరి రక్షణగా మాస్కు. ముక్కుకు కట్టిన రుమాలు ఈ దుమ్మును ఆపదు. ఎన్95 ఇప్పించు, గడ్డం పెరిగితే అదీ సరిగా అతుక్కోదు.

పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు ఆ ఫిల్ములు తప్పకుండా చేతికివ్వు, ఊరికి వెళ్లాక వాళ్లకు వేరే ఆధారం ఉండదు. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. ఎవరికైనా ఉందని తేలితే దాచనివ్వకు.

అన్నిటికన్నా ముందు, పని ముగిశాక గాలిపైపుతో బట్టలు దులుపుకునే అలవాటు మాన్పించు. దానికి పైసా ఖర్చు లేదు, రేపే మొదలుపెట్టవచ్చు. గ్రైండర్ల ఖర్చుకు యజమాని వెనకాడితే నాకు ఫోన్ చేయి, నేనే వచ్చి మాట్లాడతాను.

మీ మామయ్య