గాలిని కొలిచే పనికి ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మాది కర్నూలు. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. ఊళ్లో అక్కడక్కడా సెన్సర్లు పెట్టి గాలి కాలుష్యం కొలిచే ప్రాజెక్టు చేస్తానంటోంది, చదువయ్యాక కూడా అదే లైన్లో ఉంటానంటోంది. బంధువులేమో కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు పొమ్మంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: మీ బంధువుల భయంలో కొంత నిజం ఉందండి. నగరాల్లో ఈ పరికరాలు పెట్టించేది కార్పొరేషనే అయినా పని టెండర్‌లో దక్కించుకున్న కంపెనీకి పోతుంది. మనుషుల్ని తీసుకునేదీ ఆ కంపెనీయే. గడువు తీరాక కొత్త కాంట్రాక్టు రాకపోతే ఉద్యోగం కూడా అంతే. మీరు దాని మీదే ఆశ పెట్టుకుంటే నేనూ వద్దనే అంటాను.

అయితే విషయం గాలివాటుగా ఎంచుకున్నది మాత్రం కాదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఊళ్లున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ అందులోవే. గాలిలో దుమ్ము ఏ మేరకు తగ్గిందో ఈ ఊళ్లన్నీ లెక్క చూపించాలి. లెక్క చూపాలంటే ముందు కొలవాలి కదా.

ఇక జీతం దొరికే చోటు చాలామందికి తట్టదు. అది ఫ్యాక్టరీ చిమ్నీ. సిమెంట్, థర్మల్ విద్యుత్తు సహా బాగా కాలుష్యం వదిలే 17 రకాల పరిశ్రమలు చిమ్నీలో నిరంతరం కొలిచే మీటర్లు పెట్టి, ఆ అంకెలు ఆన్‌లైన్‌లో పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం మీకు తెలిసినవే. మీటర్ తప్పు చూపినా, డేటా ఆగిపోయినా యాజమాన్యానికి నోటీసు భయం. అందుకే ఆ మీటర్లను సరిచూసే, బాగుచేసే మనిషి వాళ్లకు కావాలి. ఈసీఈ పిల్లలకు బాగా సరిపోయే పని ఇది. ఎండలో నిచ్చెనలెక్కాల్సి ఉంటుంది, అది అమ్మాయికి ముందే చెప్పండి.

ఇప్పుడు ప్రాజెక్టు. కాలేజీల్లో ఎక్కువమంది చేసేది ఒకటే: సెన్సర్ కొనడం, బోర్డుకు తగిలించడం, ఫోన్‌లో అంకె కనిపించగానే చప్పట్లు. ఆ అంకె నిజమేనా అని ఎవరూ అడగరు. చవక సెన్సర్ లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, లేజర్ వెలుగు దుమ్ము రేణువుల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుగును బట్టి రేణువులెన్నో అంచనా కడుతుంది. గాలిలో తేమ పెరిగిన తెల్లవారుజామున రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. సెన్సర్‌కు ఆ తేడా తెలియదు, కాలుష్యం పెరిగిందనే చూపిస్తుంది. కొన్ని నెలలు పోతే ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటుంది, గాలి వెళ్లే రంధ్రంలో సాలీడు గూడు కడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి గాలిని కొలిచే స్టేషన్‌లో ఉండే ఖరీదైన యంత్రం పక్కన తన సెన్సర్ డబ్బాను ఓ నెల ఉంచి, రెండింటి అంకెలూ పోల్చి, తేమను బట్టి ఎంత తీసివేయాలో అమ్మాయి తేల్చగలిగితే ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడే సరుకు చేతిలో ఉన్నట్టే. అనుమతికి కాలేజీ ప్రిన్సిపాల్ చేత ఉత్తరం రాయించాలి.

ఈ పోల్చే పనికి పైథాన్ అనే కోడింగ్ భాష, స్టాటిస్టిక్స్ తప్పవు. బంధువులు చెప్పిన కోడింగ్ ఎలాగూ వచ్చేస్తుంది, రేపు సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలనిపించినా దారి మూసుకుపోదు. సిమ్ కార్డులు లేకుండా డబ్బాల నుంచి డేటా తెచ్చుకోవడానికి లోరా నేర్చుకోమనండి, తక్కువ కరెంటుతో దూరానికి రేడియోలో అంకెలు పంపే పద్ధతి అది. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌లో దానికి లైసెన్సు అక్కర్లేదు. గాలి మీద విసుగొస్తే ఇదే పద్ధతిలో హంద్రీ వంతెన కింద నీటిమట్టం కొలవొచ్చు. 2009 అక్టోబరు వరద చూసిన ఊరికి ఆ ప్రాజెక్టు ఎందుకని చెప్పక్కర్లేదు. నన్నడిగితే అదే మేలు.

పీజీ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. కాకపోతే ఎంటెక్ సీటుకు ఈసీఈ వాళ్లను తీసుకుంటారా లేదా అన్నది ఒక్కో సంస్థ బ్రోచర్‌లో చూసుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు పోస్టులకూ అంతే, కోచింగ్‌కు డబ్బు కట్టేముందు నోటిఫికేషన్‌లో అర్హత కాలమ్ చదవండి.

ముందు ఒక్క డబ్బా చేయించండి. విడిభాగాలకు ఐదారు వేలు చాలు. మొదట మీ డాబా మీద పెట్టుకోనివ్వండి. రాజ్‌విహార్ సెంటర్‌లో స్తంభానికి కడతానంటే మాత్రం కార్పొరేషన్ అనుమతి తీసుకుని, డబ్బా మీద కాలేజీ పేరు పెద్దక్షరాలతో రాయించండి. లేకపోతే రెండు రోజుల్లో ఎవరో ఒకరు విప్పుకుపోతారు.